జీతంలో కోర్టు కోత పడినప్పుడు: కట్టేయడమా, రాజీనా, కోర్టుకెళ్లడమా, ఐపీనా?

జీతం జప్తు ఆర్డరు ఆఫీసుకి వచ్చిందని తెలిసిన రోజు చాలామంది చేసే మొదటి పని ఇంకో అప్పు వెతుక్కోవడం. నలుగురికీ తెలియకముందే ఎక్కడో ఒకచోట తెచ్చి కట్టేసి, ఆ కాగితం ఆఫీసులోంచి పోయేలా చేయాలనుకుంటారు. మా బావగారూ అదే చేయబోయారు. ఆయన టీచరు. తోటి టీచరు చీటీ పాడుకుంటే జామీను సంతకం పెట్టారు. పాడినాయన కట్టడం మానేశాడు. కోత ఈయన జీతంలో పడింది. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి మొత్తం తీర్చేస్తానని బయల్దేరితే, 'ఒక్క రోజు ఆగు బావా, లెక్క వేద్దాం' అన్నాను. ఆ రోజు వేసిన లెక్కలే ఇక్కడ రాస్తున్నాను. ఆంధ్ర, తెలంగాణల్లో ఉద్యోగం చేస్తూ ప్రామిసరీ నోటు, చీటీ, పర్సనల్ లోను లాంటి బాకీల మీద జీతం జప్తు ఎదుర్కొంటున్నవాళ్ల కోసం ఇది. భార్యాపిల్లల మనోవర్తి బాకీలకు లెక్క వేరు. అక్కడ జీతంలో మూడో వంతుకే రక్షణ ఉంటుంది, మిగతాది జప్తు చేయవచ్చు. ఆ సంగతి ఇందులో కలపడం లేదు.

ముందు ఇది నిజంగా జప్తేనా చూడండి

లాయరు నోటీసు జప్తు కాదు. 'మీ జీతం ఆపేయిస్తాం' అని రికవరీ ఏజెంటు చేసే ఫోనూ జప్తు కాదు. మామూలు అప్పుకి జీతం పట్టుకోవాలంటే ముందు దావా వేసి డిక్రీ, అంటే బాకీ కట్టమనే కోర్టు తీర్పు, తెచ్చుకోవాలి. ఆ డిక్రీని అమలు చేయమని ఎగ్జిక్యూషన్ పిటిషన్ వేయాలి. కోర్టు భాషలో దాన్ని ఈపీ అంటారు. అందులో కోర్టు ఇచ్చిన ఉత్తర్వు మీ డీడీఓకో (ఆఫీసులో జీతాలు డ్రా చేసి ఇచ్చే అధికారి), ప్రైవేటు ఉద్యోగమైతే కంపెనీకో రావాలి. చీటీ వివాదాలు చీటీల రిజిస్ట్రార్ దగ్గర ఆర్బిట్రేషన్‌కి వెళ్తాయి. అక్కడి అవార్డునూ (తీర్పునూ) చివరికి డిక్రీలాగే అమలు చేస్తారు.

జీతం పడే బ్యాంకులోనే లోను ఉండి, ఆ బ్యాంకు ఖాతాలోంచి డబ్బు సర్దుకుంటే అది వేరే వ్యవహారం. సహకార పరపతి సంఘానికి మీరు రాసిచ్చిన అంగీకారం మీద జరిగే కోత కూడా వేరే. ఈ రెండింటికీ కింద రాసిన దారులు సరిపోవు.

ఉత్తర్వు కాపీ ఆఫీసులో అడిగి తీసుకోండి. దాని మీద ఈపీ నంబరు, డిక్రీ వచ్చిన దావా నంబరు, కోర్టు పేరు, మొత్తం బాకీ ఉంటాయి. ఈ-కోర్ట్స్ యాప్‌లో ఆ నంబరుతో కేసు ఎక్కడిదాకా వచ్చిందో చూడవచ్చు. డీడీఓనో హెచ్‌ఆర్‌నో బతిమాలి లాభం లేదు. ఉత్తర్వు పాటించకుండా పూర్తి జీతం ఇచ్చేస్తే ఆ డబ్బుకి యజమానే బాధ్యుడవుతాడు. వాళ్ల మీద కోపం పెట్టుకోకండి.

ఎంచుకునే ముందు తేల్చుకోవాల్సిన నాలుగు లెక్కలు

మొదటిది, నెలకి ఎంత కోయవచ్చు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం జీతంలో మొదటి 1,000 రూపాయలు, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులు ముట్టుకోకూడదు. అంటే 1,000 తీసేసి మిగిలినదాన్ని మూడుతో భాగిస్తే వచ్చేదే గరిష్ఠ కోత. జీతం 46,000 అయితే 45,000లో మూడో వంతు, 15,000. ఆ మొదటి మొత్తాన్ని 2002లో 400 నుంచి 1,000కి పెంచారు. ఈ రోజుల్లో వెయ్యి రూపాయలు దేనికి సరిపోతాయో వేరే చెప్పక్కర్లేదు. ప్రభుత్వ ఉద్యోగులకు జప్తు నుంచి మినహాయిస్తూ గెజిట్‌లో ప్రకటించిన అలవెన్సులు ఉంటే వాటిని లెక్కలోకి తీసుకోకూడదు. పీఎఫ్‌కీ, ప్రభుత్వ పెన్షన్‌కీ రక్షణ ఉంది. కూలీలు, ఇంటి పనివాళ్ల కూలి డబ్బునైతే అసలు జప్తు చేయకూడదు. 'ఈ రక్షణలు నాకు వద్దు' అని అప్పు పత్రంలో మీతో సంతకం పెట్టించుకున్నా ఆ షరతు చెల్లదు.

రెండోది 24 నెలల లెక్క. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. చాలామందికి తెలియనిదీ ఇదే. ఒకే డిక్రీ కింద మొత్తం 24 నెలలు కోత నడిచాక, ఆ డిక్రీ కోసం ఆ జీతాన్ని ఇక ముట్టుకోకూడదు. మధ్యలో కొన్ని నెలలు ఆగినా, జరిగిన నెలలన్నీ కలిపే లెక్క. వేర్వేరు డిక్రీల కింద కోత నడిచినా 24 నెలలు నిండాక 12 నెలలు విరామం ఇవ్వాలి. కాబట్టి నెల కోతని 24తో గుణించండి. 15,000 అయితే 3,60,000. జీతం దారిలో ఈ డిక్రీ మీ నుంచి రాబట్టగలిగే గరిష్ఠం సుమారుగా అంతే. ఈ అంకె, మీ బాకీ అంకె, రెండూ ఒకే కాగితం మీద పక్కపక్కన రాసుకోండి. ఏ దారి పట్టాలన్నది సగం అక్కడే తేలిపోతుంది.

మూడోది డిక్రీలో రాసిన వడ్డీ. నోటు మీద నూటికి రెండు రూపాయలని ఉన్నా, డిక్రీ తర్వాత కాలానికి అసలు మీద కోర్టులు సాధారణంగా ఏడాదికి 6 శాతం మించి ఇవ్వవు. వ్యాపార లావాదేవీ అయితే అంతకంటే ఎక్కువ ఇవ్వవచ్చు. మీ డిక్రీ కాపీలో ఆ వాక్యం వెతికి పట్టుకోండి.

నాలుగోది, జీతం కాక మీ పేరున ఇంకేముంది. జీతం మీద కోత ఆగినంత మాత్రాన బాకీ రద్దు కాదు. డిక్రీని 12 ఏళ్ల దాకా అమలు చేయించుకోవచ్చు. స్థలం, ఇల్లు, ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉన్నవాళ్లకి 24 నెలల రక్షణ సగం రక్షణే.

దారులన్నీ ఒక్కచోట

| దారి | ఎప్పుడు నయం | నెల జీతానికి ఏమవుతుంది | ఎక్కడ దెబ్బ తింటారు |
|---|---|---|---|
| కోత సాగనివ్వడం | వడ్డీ 6 శాతం, బాకీ 24 నెలల్లో తీరేంత | మూడో వంతు పోతుంది | ఇంటి ఈఎంఐలు ఉంటే ఊపిరాడదు |
| ఒకేసారి కట్టడం | చేతిలో సొంత డబ్బు ఉంటే | కోత ఆగుతుంది | కొత్త అప్పు తెస్తే వడ్డీ రెట్టింపు దాటవచ్చు |
| రాజీ, లోక్ అదాలత్ | బాకీ 24 నెలల కోతకంటే బాగా ఎక్కువైతే | మాట్లాడుకున్నదాన్ని బట్టి | రాజీ తప్పితే మొదటికొస్తుంది |
| కోత లెక్క సరిచేయించడం | మూడో వంతుకి మించి కోస్తుంటే | తగ్గుతుంది | బాకీ మాత్రం తగ్గదు |
| ఎక్స్‌పార్టీ డిక్రీ (మీరు రాకుండానే ఇచ్చేసినది) కొట్టేయించడం | సమన్లు అందలేదంటే, బాకీయే తప్పంటే | స్టే వస్తేనే ఆగుతుంది | కొంత డబ్బు డిపాజిట్ చేయమనవచ్చు |
| ఐపీ (దివాలా పిటిషన్) | నలువైపులా అప్పులు, ఆస్తి ఏమీ లేకపోతే | వెంటనే ఆగుతుందన్న నమ్మకం లేదు | ఉద్యోగం, పరపతి, పాత ఆస్తి బదిలీలు |

కోత సాగనివ్వడం

వినడానికి చేతులెత్తేసినట్టు ఉంటుంది కానీ చాలామందికి లెక్క ప్రకారం ఇదే మంచిది. బాకీ 3 లక్షలు, వడ్డీ 6 శాతం, కోత 15,000 అనుకుందాం. మొదట్లో నెల వడ్డీ 1,500 మాత్రమే. తర్వాత అది తగ్గుతూ పోతుంది. రెండేళ్లలోపే బాకీ తీరిపోతుంది. ఇదే 3 లక్షలు బయట నూటికి రెండు చొప్పున తెచ్చి కడితే నెలకి వడ్డీయే 6,000, అసలు అలాగే ఉంటుంది. పరువు కోసం నెలకి 4,500 అదనంగా కట్టడమన్నమాట. మా బావగారు ఈ అంకె చూశాకే ఆగారు.

ఇంకో అప్పులవాడు, అంటే అప్పు ఇచ్చినవాడు, కూడా డిక్రీ తెచ్చుకుంటే కోత రెట్టింపవుతుందని భయపడతారు. అవ్వదు. జప్తు చేయదగిన వాటా అప్పటికే ఒక కోర్టుకి వెళ్తుంటే, రెండో ఉత్తర్వును ఆఫీసువాళ్లు ఆ వివరం రాసి తిప్పి పంపాలి. మూడో వంతు ఎప్పుడూ ఒక్క మూడో వంతే.

అయితే ఇంటి లోను ఈఎంఐ, పిల్లల ఫీజులు పోయాక చేతిలో ఏమీ మిగలని ఇంట్లో ఈ దారి నిలవదు. కోత వల్ల ఈఎంఐ తప్పితే ఇంకో కేసు మొదలవుతుంది. అలాంటివాళ్లు రాజీ వైపు చూడాలి.

ఈ దారిలో మీరు చేయాల్సింది ఒక్కటే, నెలలు లెక్కపెట్టడం. ప్రతి పే స్లిప్పూ దాచండి. 24 నిండాక ఆఫీసు తనంతట తాను ఆపేస్తుందని కూర్చోకండి. కోర్టు నుంచి కాగితం రావాలి. దానికి ఈపీలోనే దరఖాస్తు వేయించండి.

ఒకేసారి కట్టేయడం

సొంత డబ్బు ఉంటే, పని చేయని బంగారం ఉంటే, ఇంట్లోవాళ్లు వడ్డీ లేకుండా ఇస్తే కట్టేయండి. మనశ్శాంతికీ విలువ ఉంది. కొత్తగా అప్పు తేవాలంటే మాత్రం దాని వడ్డీ డిక్రీ వడ్డీకంటే తక్కువైతేనే తెండి. పర్సనల్ లోను అంత తక్కువకి దొరకదు.

ఎలా కడతారన్నది కూడా చూసుకోవాలి. డబ్బు కోర్టులో డిపాజిట్ చేయవచ్చు, లేదా అప్పులవాడికి బ్యాంకు ద్వారా ఇవ్వవచ్చు. చేతికి నగదు ఇచ్చి, 'సరేలే, కేసు తీసేస్తాను' అన్న మాట నమ్మి వచ్చేస్తే కోర్టు దృష్టిలో మీరు ఒక్క రూపాయీ కట్టనట్టే. బయట జరిగిన చెల్లింపు ఈపీలో నమోదవ్వాలి, లేకపోతే దాన్ని కోర్టు లెక్కలోకి తీసుకోదు. కాబట్టి డబ్బు ఇచ్చిన రోజే పూర్తి చెల్లింపు మెమో మీద డిక్రీదారు (డిక్రీ తెచ్చుకున్నవాడి) సంతకం తీసుకుని ఫైల్ చేయించండి. ఆ తర్వాత జప్తు ఎత్తేస్తూ ఆఫీసుకి ఉత్తర్వు వెళ్లేదాకా వెంటపడండి. ఈ చివరి కాగితం ఆలస్యమైతే, తీరిపోయిన బాకీకి ఇంకో నెల కోత పడుతుంది.

రాజీ, వాయిదాలు, లోక్ అదాలత్

బాకీ 8 లక్షలు, కోత 15,000 అనుకోండి. 24 నెలల్లో వచ్చేది 3,60,000. అందులోంచి ముందు వడ్డీకే పోతుంది. రెండేళ్ల తర్వాత కూడా సగానికి పైగా బాకీ మిగిలే ఉంటుంది. మీ పేరున వేరే ఆస్తి లేకపోతే అది రాబట్టుకోవడం అప్పులవాడికి కష్టం. ఈ సంగతి అవతలి లాయరుకీ తెలుసు. మీ బేరానికి బలం అక్కడే ఉంది. 'ఇంత మొత్తం, ఇన్ని వాయిదాల్లో, ఇంతటితో పూర్తిగా సరి' అని అడగడంలో తప్పులేదు. నిజంగా ఇవ్వాల్సిన డబ్బు ఎగ్గొట్టమని నేను చెప్పడం లేదు. ఇల్లు నడిచేలా, అవతలివాళ్లకీ ఎంతోకొంత చేరేలా తేల్చుకోమంటున్నాను.

డిక్రీ వచ్చాక వాయిదాలు కావాలంటే డిక్రీదారు ఒప్పుకోవాలి. కోర్టు తనంతట తాను బలవంతంగా ఇప్పించలేదు. అందుకే లోక్ అదాలత్ మంచి చోటు. ఈపీలు కూడా అక్కడికి వెళ్తాయి. ఫీజు లేదు. అక్కడ రాసుకున్న అవార్డు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. అప్పీలు లేదన్న మాట మర్చిపోకండి. నెలకి 20,000 కడతానని ఆవేశంలో ఒప్పుకుని మూడో నెల తప్పితే అదే అవార్డుతో మళ్లీ మీ మీదకి వస్తారు. కోత కింద 15,000 పోతున్న మనిషి రాజీలో అంతకంటే ఎక్కువ ఒప్పుకోవాలంటే, మొత్తం బాకీలో పెద్ద తగ్గింపు ఉండి తీరాలి.

మహిళలకీ, ఎస్సీ, ఎస్టీలకీ ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. మరికొన్ని వర్గాలకూ అంతే. మిగతావాళ్లకి ఆదాయ పరిమితి ఉంటుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి, లేదా 15100కి ఫోన్ చేయండి.

కోత లెక్క తప్పైతే

ఇది పోరాటం కాదు, సవరణ. మినహాయింపు ఉన్న అలవెన్సులు కలిపేసినా, 1,000 తీయడం మర్చిపోయినా, 24 నెలలు దాటినా ఈపీ నడుస్తున్న కోర్టులోనే పిటిషన్ వేయవచ్చు. దీనికి వేరే దావా అక్కర్లేదు. పైన చెప్పిన ఏ దారిలో ఉన్నవాళ్లయినా ముందుగా ఈ ఒక్క పని చేసుకోవాలి. కాగితం, పెన్ను, పే స్లిప్పు ఉంటే పావుగంటలో తేలిపోతుంది.

డిక్రీయే అన్యాయమైతే

పాత ఇంటికి సమన్లు వెళ్లడం, ఎవరో తీసుకోవడం, మీరు రాలేదని ఎక్స్‌పార్టీ డిక్రీ ఇచ్చేయడం, జీతం కోసేదాకా మీకు సంగతే తెలియకపోవడం జరుగుతూనే ఉంటాయి. అలాంటప్పుడు డిక్రీ ఇచ్చిన కోర్టులోనే దాన్ని కొట్టేయమని అడగవచ్చు. గడువు 30 రోజులు. సమన్లు సరిగా అందకపోతే డిక్రీ గురించి తెలిసిన రోజు నుంచి లెక్క. జప్తు ఉత్తర్వు చూసిన రోజునే తెలిసిన రోజు అంటారు కాబట్టి వారాల తరబడి ఆలోచిస్తూ కూర్చోకండి. గడువు దాటితే ఆలస్యానికి కారణం చూపి మన్నించమని అడగవచ్చు, కానీ అది కోర్టు ఇష్టం.

పిటిషన్ వేసినంత మాత్రాన కోత ఆగదు. స్టే విడిగా అడగాలి. బాకీలో కొంత డిపాజిట్ చేయమని, ఖర్చులు కట్టమని కోర్టు షరతు పెట్టవచ్చు.

ఈ దారి ఎవరికంటే, సంతకం తనది కానివాళ్లకి, ఇప్పటికే కట్టేసిన రశీదులు ఉన్నవాళ్లకి, కాలదోషం పట్టిన నోటు మీద డిక్రీ వచ్చినవాళ్లకి. బాకీ నిజమే, సమన్లు మాత్రమే అందలేదు అంటే ఒక్కసారి ఆలోచించండి. కొట్టేయించినా దావా మళ్లీ నడుస్తుంది, లాయరు ఫీజు అవుతుంది, చివరికి మళ్లీ అదే డిక్రీ వస్తుంది. ఆ డబ్బు రాజీకి పెట్టుకోవడం మేలని నా అభిప్రాయం.

ఐపీ

మన ఊళ్లలో 'ఐపీ పెట్టాడు' అంటే తిట్టులాంటి మాట. నిజానికి అది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం కింద, అప్పులు తీర్చలేనని కోర్టుకి చెప్పుకునే పిటిషన్. పది మంది దగ్గర అప్పులుండి, జీతం తప్ప ఏమీ లేనివాడికి అది చట్టం ఇచ్చిన దారే. సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఒకే ఒక్క డిక్రీ ఉన్న ఉద్యోగికి మాత్రం ఇది పనికిరాదు. పిటిషన్ వేసిన రోజే అన్నీ ఆగిపోవు. దివాలా ప్రకటించాక మీ ఆస్తి కోర్టు చేతిలోకి వెళ్తుంది. పిటిషన్ పడడానికి ముందు రెండేళ్లలో భార్య పేరునో తమ్ముడి పేరునో ఊరికే రాసిచ్చిన ఆస్తుల్ని తిరగదోడవచ్చు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకైతే 1964 ప్రవర్తనా నియమావళి 17వ నియమం ఉంది. అప్పుల మీద కేసు పడినా, దివాలా కేసు నడిచినా పూర్తి వివరాలు వెంటనే పై అధికారికి తెలపాలి. రాష్ట్ర ఉద్యోగులు తమ నియమాలు చూసుకోవాలి. ఐపీ వేసేముందు ఆ పేజీ చదివించుకోండి.

అరెస్టు భయం

జీతం పట్టుకున్నారు, రేపు జైల్లో వేస్తారేమో అన్న టెన్షన్‌తోనే చాలామంది తప్పుడు నిర్ణయాలు తీసుకుంటారు. కట్టే స్తోమత లేకపోవడం నేరం కాదు. ఉండీ దురుద్దేశంతో ఎగ్గొడుతున్నాడని తేలితేనే సివిల్ జైలు. 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో సుప్రీం కోర్టు ఈ మాట స్పష్టంగా చెప్పింది. డబ్బు డిక్రీ కోసం మహిళల్ని అసలు అరెస్టు చేయకూడదు. చెక్ బౌన్స్ కేసు మాత్రం వేరు, అది క్రిమినల్. దాని సమన్లు వస్తే దాటేయకండి.

కోత తప్పించుకోవడానికి ఉద్యోగం మానేస్తానన్నవాళ్లనీ చూశాను. 15,000 కాపాడుకోవడానికి 46,000 వదులుకోవడం అది.

జామీను సంతకం పెట్టి ఇరుక్కున్నవాళ్లు

'అప్పు తిన్నది అతను, ముందు అతని దగ్గర వసూలు చేయండి' అన్న వాదన కోర్టులో నిలబడదు. జామీనుదారుడి బాధ్యత అసలు అప్పుదారుడితో సమానం. అప్పులవాడు సులువుగా దొరికే జీతం వైపే వస్తాడు. కానీ మీరు కట్టిన ప్రతి రూపాయినీ అసలు అప్పుదారుడి నుంచి వసూలు చేసుకునే హక్కు మీకుంది. మీతోపాటు ఇంకో ఇద్దరు సంతకం పెట్టి ఉంటే వాళ్లనీ వాటా అడగవచ్చు. దావా గడువు మీరు కట్టిన రోజు నుంచి 3 ఏళ్లు. అంతా తీరాక చూద్దాం అనుకుంటే మొదటి నెలల కోతలు ఆ గడువు దాటిపోవచ్చు.

మా బావగారు కోత సాగనిచ్చారు. బాకీ 24 నెలల లెక్కలోపే ఉంది, వడ్డీ 6 శాతమే. పే స్లిప్పులన్నీ ఒక ఫైల్లో పెట్టి, ఆరో నెలలోనే ఆ తోటి టీచరుకి లాయరు చేత నోటీసు ఇప్పించారు. స్నేహం పాడవుతుందని చాలా బాధపడ్డారు. నోటీసు అందిన పది రోజులకి ఆయన ఇంటికొచ్చి నెలకి ఐదు వేల చొప్పున ఇస్తానన్నాడు. నగదు వద్దు, బ్యాంకులోనే వేయమని చెప్పాం.